పరదా మీద గడప పువ్వు

ముందుగా ఒక మాట. నా రాత బాగుండదు. మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత చేతికి ఉలి వచ్చింది, బలపం పోయింది. అక్షరాలు వంకరగా పోతాయి. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఎక్కడ వద్దో ఇప్పటికీ అనుమానమే. తప్పులు తాను దిద్దుతానని టీచరమ్మ బిడ్డ అన్నది. దిద్దమన్నాను, మాటలు మాత్రం మార్చొద్దన్నాను. అయినా తప్పులు మిగిలి ఉంటే సర్దుకుని చదవండి.

టీచరమ్మ పోయిన సంగతి మీకందరికీ ఈపాటికి తెలిసే ఉంటుంది. నాకు ఎలా తెలిసిందో చెబుతాను. పొద్దున పూట పాల్మాకులలో మా ఇంటి ముందు కూర్చుని ఉలికి సాన పెడుతున్నాను. ఫోన్ మోగింది. టీచరమ్మ బిడ్డ. "తాతా" అన్నది. అంతలోనే మా ఇంటి మీదుగా విమానం వచ్చింది. ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఇది అలవాటే. విమానం వస్తే మాట ఆపుతాం, అది పోయాక అందుకుంటాం. ఫోన్లో చప్పుడు విని ఆ పిల్ల కూడా ఆగింది. వాళ్లమ్మ అచ్చం అలాగే ఆగేది. ఆ ఆగడంలోనే నాకు తెలిసిపోయింది. చప్పుడు సన్నబడ్డాక, "అమ్మ పొయ్యింది తాతా" అన్నది. "ఉన్నవా తాతా?" అని అడిగింది. ఉలి కింద పెట్టి, చొక్కా వేసుకుని బయలుదేరాను.

నాలుగు రోజుల తర్వాత ఆ పిల్లే మా ఇంటికి వచ్చింది. జ్ఞాపకార్థ కూటంలో పంచడానికి చిన్న పుస్తకం వేస్తున్నారట. "నువ్వెట్లాగూ మైకు ముందల నిలవడవు. గందుకే రాసియ్యి" అన్నది. అది నిజమే. నేను నలుగురిలో మాట్లాడలేను. ఇద్దరిలో కూడా కష్టమే. రాస్తానని ఒప్పుకోవడానికి ఇంకో కారణం ఉంది. అది చివర చెబుతాను.

టీచరమ్మ అంటే బడి టీచరు కాదు. శంషాబాద్‌లో చర్చి పక్కన రేకుల షెడ్డులో కుట్టు సెంటర్ నడిపేది. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లకు మిషను నేర్పేది. మొదట జాకెట్లు, బడిపిల్లల బట్టలు కుట్టించేది. తర్వాత సంచులు, దిండు గలీబులు, బల్లల మీద పరిచే గుడ్డలు మొదలుపెట్టింది. వాటి మీద బొమ్మలు అద్దించాలనుకుంది. బొమ్మల కోసం వెతుక్కుంటూ మా ఊరు వచ్చింది.

నాది వడ్ల పని, అంటే వడ్రంగం. నాగళ్లు చేశాను, ఎడ్ల బండ్లు చేశాను. అన్నిటికన్నా ఎక్కువ దర్వాజలు చేశాను. తలుపు చుట్టూ ఉండే చట్రాన్ని మేం దర్వాజ అంటాం. పై కమ్మీ మీద తీగలు, చిలకలు, కింద గడప మీద పువ్వులు చెక్కేవాణ్ని. తర్వాత తర్వాత తలుపులు దుకాణంలోనే తయారుగా దొరకడం మొదలైంది. గడప రాతిదైంది. నా ఉలి గూట్లోకి పోయింది.

మా ఊరి రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఒక పాత ఇల్లు తీసేస్తున్నారు. కూల్చేవాళ్లు గునపాలు పట్టుకుని నిలబడి ఉంటే, ఒకామె కుర్చీ ఎక్కి, దర్వాజ పై కమ్మీకి తెల్ల కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్దుతున్నదట. రుద్దుతుంటే చిలక ముక్కు, తోక, తీగ అన్నీ కాగితం మీదికి దిగాయి. ఎవరు చేశారని అడిగితే, "మా మూగ వడ్లాయన" అని ఎవరో చెప్పారు.

ఆ కాగితం చుట్టి పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మెడలో కొలత టేపు, చెవి వెనక సుద్దముక్క. "కాకా, గిది నువ్వే చేసినవంట గదా?" అన్నది. తలూపాను. "గీ చిలకను బట్ట మీదికి తేవాలె. చెక్క మీద చెక్కిస్తే, రంగుల ముంచి అద్దుత. చేస్తవా?" అన్నది. మళ్లీ తలూపాను. "జర మాట్లాడు కాకా, నాకు భయమైతున్నది" అన్నది. మా ఇంటామె లోపల్నించి, "ఆయన తల ఊపిండంటే ఉపన్యాసం ఇచ్చినట్టే అమ్మా, నువ్వు చాయ తాగు" అన్నది. టీచరమ్మ నవ్వింది. ఆ నవ్వులో పైవరస పన్ను ఒకటి కొంచెం ముందుకు కనబడేది. ఆమె గురించి అనుకుంటే మొదట గుర్తొచ్చేది ఆ పన్నే.

మొదటి అచ్చు చేయడానికి పది రోజులు పట్టింది. టేకు చెక్క మీద చిలకను చెక్కాను. నా పనితనం అంతా చూపించాను. రొమ్ము గుండ్రంగా లేచింది. రెక్క కింద మెడ వాలింది. ఎగరడమే తక్కువ అన్నది మా ఇంటామె. సెంటర్‌కు తీసుకుపోయాను. ఆడవాళ్లంతా చుట్టూ మూగారు. టీచరమ్మ దాన్ని రంగులో అద్ది, బట్ట మీద పెట్టి గట్టిగా ఒత్తింది. తీసి చూస్తే ఒక గుండ్రటి మరక. దాని పక్కన చిన్న చుక్క.

అప్పుడు యాదమ్మ, సెంటర్‌లో అందరికన్నా మంచి కుట్టు ఆమెది, అందరికన్నా పెద్ద నోరూ ఆమెదే, ముందుకు వంగి చూసింది.

"చిలక ఏది కాకా? గిది వంకాయ గదా."

అందరూ నవ్వారు. నాకు భూమిలోకి పోవాలనిపించింది. ఏం జరిగిందో అప్పుడు గానీ నాకు తెలియలేదు. యాభై ఏళ్లు నేను కంటికి కనబడేలా చెక్కాను. ఎత్తు పల్లాలు, గుండ్రాలు, వాలు. బట్టకు కన్ను లేదు. చిలక రొమ్ము ఎత్తుగా ఉంది కాబట్టి అదొక్కటే బట్టను తాకింది. ముక్కు, రెక్క, తోక గాలిలోనే ఉండిపోయాయి. అచ్చు చేసేవాడు పైభాగమంతా సమంగా చదునుగా ఉంచి, మిగతాది లోతుకు తవ్వెయ్యాలి. ఆ సంగతి దర్వాజలు చేసేవాడికి ఎవరు చెబుతారు?

టీచరమ్మ నవ్వలేదు. ఆ గుడ్డను ఎత్తి వెలుగుకు పట్టి చూసింది. "బట్టకు తాకిందే బట్టకు ఎరుకైతది కాకా. మనుషులకు గూడ గంతే" అన్నది. తర్వాత ఆ వంకాయ గుడ్డతో ఒక సంచి కుట్టించి తానే పెట్టుకుంది. కూరగాయలకు దాన్నే తీసుకుపోయేది. ఎవరైనా అడిగితే, "గిది మా కాకా మొదటి చిలక" అనేది. ఇంకా రెక్కలు రాలేదనేది.

తర్వాత నేర్చుకున్నాను. అచ్చు వీపుకు పిడి పెట్టడం, గాలి పోవడానికి చెక్కలో సన్న రంధ్రాలు తొలచడం, పగలకుండా నూనెలో నానబెట్టడం. ఇవన్నీ ఆమె ఎక్కడెక్కడో అడిగి తెలుసుకుని వచ్చి నాకు చెప్పేది. బొమ్మ సంగతి మాత్రం ఇద్దరం కలిసి చూసేవాళ్లం. దర్వాజ మీద తీగ చాలా ఒత్తుగా ఉంటుంది, ఆకుకు ఆకు తగిలి ఉంటుంది. అదే తీగను సంచి మీద వేస్తే గజిబిజిగా వచ్చింది. "దర్వాజ కదలదు కాకా. సంచి ఊగుతది. ఊగేదాని మీద జర ఖాళీ జాగ ఉండాలె" అన్నది. సగం ఆకులు తీసేశాను. నా చేతికి బాధయింది, తీగ మాత్రం బతికింది. ఫోన్ పెట్టుకునే చిన్న సంచికి చిలకను బొటనవేలంత చేయమన్నది. ఈకలన్నీ చెక్కబోతే చెక్క రాలిపోయింది. "ఈకలు తీసెయ్యి. కన్ను, ముక్కు ఉంచు. గంతే చాలు చిలకని తెలుస్తది" అన్నది. నిజంగానే తెలిసింది.

కొత్తగా ఏది చేసినా వెంటనే అమ్మేది కాదు. నెల రోజులు తాను వాడేది. ఉతికేది, ఎండేసేది, బస్సులో నలిపేది. ఒకసారి నా తీగ ఉన్న సంచి పిడి దగ్గర రంగు పోయింది. నేను ముఖం చిన్నబుచ్చుకున్నాను. "చేతులు తాకి రంగు పోయిందంటే, పనికొచ్చిందని లెక్క కాకా. పెట్టెల పెడితే పోతదా?" అన్నది.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. కొత్త గుడ్డ కత్తిరించే ముందు కత్తెర చేతిలో పట్టుకుని ఒక్క క్షణం కళ్లు మూసుకునేది. ప్రార్థన చేసుకునేది. నేను చెక్క మొదలుపెట్టే ముందు ఉలిని కళ్లకద్దుకుంటాను. ఒకరోజు ఇద్దరం ఒకేసారి కళ్లు మూసి, ఒకేసారి తెరిచి, ఒకరినొకరు చూసుకున్నాం. "ఇద్దరికీ ఒకటే రోగం" అన్నది.

ఇప్పుడు గడప పువ్వు సంగతి చెప్పాలి.

అది ఎనిమిది రేకుల పువ్వు. మధ్యలో బొడ్డు, చుట్టూ రేకులు, అంతే. చూడ్డానికి పెద్ద గొప్పేం లేదు. మా వాళ్లు దాన్ని గడప రెండు చివరలా చెక్కుతారు. శుక్రవారం ఆ ఇంటి ఆడవాళ్లు దానికే పసుపు రాస్తారు. మా పనిలో చెక్క కదలకుండా కాలి బొటనవేలితో అదిమి పట్టుకుంటాం. రెండు చేతులూ ఉలికీ సుత్తికీ కావాలి కదా. ఏది చెక్కినా అంతే. ఈ ఒక్క పువ్వుకు మాత్రం కాలు తగలనివ్వం. మోకాలి పక్కన రాయి ఆనించి చెక్కుతాం. చెక్కిన గడపను దాటం, భుజాన మోస్తాం. మా బాపు నాకు అలాగే నేర్పాడు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

టీచరమ్మ ఆ పువ్వుకు కూడా అచ్చు చేయమన్నది. సెంటర్‌లోనే కూర్చుని చేశాను. ఆమె మిషను మీద కుడుతూనే నన్ను గమనించింది.

"కాకా, చిలకను కాలుతోటి పట్టినవు. దీన్నెందుకు పట్టలే?"

"గడప పువ్వు" అన్నాను.

ఇంకేమైనా చెబుతానేమోనని చూసింది. విమానం వచ్చింది. పోయింది. నేను చెప్పలేదు. ఆమె అడగలేదు.

ఆ పువ్వును దిండు గలీబుల మీద వేశారు, బాగా పోయాయి. వాటిని చూసి ఒకాయన వచ్చాడు. ఎయిర్‌పోర్టు దగ్గర కట్టిన కొత్త హోటళ్లకు గుడ్డ సామాను ఇచ్చే మనిషి. మర్యాదస్తుడే. ఆ పువ్వు మధ్యలో వచ్చేలా కాళ్లు తుడుచుకునే పట్టాలు కావాలన్నాడు. గది గదికీ గుమ్మం దగ్గర ఒకటి. ఒకసారి ఇచ్చి ఊరుకునేది కాదు, ఏడాది పొడుగునా పని. సెంటర్‌లో పండగలా అయింది. ఆ రోజుల్లో బడి బట్టల పని తగ్గిపోయి, సగం మిషన్లు గుడ్డ కప్పుకుని ఉండేవి. యాదమ్మ కొడుకు డ్రైవరు పని పోయి ఇంట్లోనే కూర్చున్నాడు. ఇల్లంతా ఆమె మిషను మీదే నడిచేది.

నమూనా పట్టా యాదమ్మే కుట్టింది. మందపు గుడ్డ, రెండు పొరలు, నాలుగు వైపులా ఎర్ర అంచు. అంత నీటుగా ఆమె ఏదీ కుట్టలేదు. మర్నాడు పొద్దున అందరికంటే ముందు వచ్చి, టీచరమ్మకు చూపించాలని దాన్ని సెంటర్ గుమ్మంలో పరిచింది.

నేను వెళ్లేసరికి ఆడవాళ్లంతా దాని మీదుగానే లోపలికి పోయి ఉన్నారు. వాళ్లను తప్పుపట్టను. వాళ్లకు అది గుడ్డ మీద పువ్వు. నాకు మాత్రం కాలు లేవలేదు. దాటుదామన్నా లేవలేదు.

"రా కాకా, లోపలికి రా" అన్నారెవరో.

"చెప్పులిడిచెటందుకు ముహూర్తం చూస్తున్నడు" అన్నది యాదమ్మ.

"గాలి మంచిగున్నది. ఈడ్నే కూసుంట" అన్నాను.

నడి ఎండాకాలం. బయట గాలీ లేదు, నీడా లేదు. గోడకు ఆనుకుని రాయి మీద కూర్చున్నాను. చాయ కిటికీలోంచి ఇచ్చారు. "కాకా ఇయ్యాల చుట్టపోళ్ల లెక్క బయటనే తాగుతున్నడు" అని లోపల నవ్వులు. చెమట కళ్లలోకి దిగుతుంటే ఆ చాయ తాగాను.

టీచరమ్మ వచ్చింది. గుమ్మం దగ్గర ఆగింది. పట్టాను చూసింది. రాయి మీద ఉన్న నన్ను చూసింది. నా కాళ్ల వైపు చూసింది. వంగి పట్టాను తీసి, దులిపి, మడిచి, చంకలో పెట్టుకుంది. "ఇగ రా కాకా" అన్నది.

మర్నాడు ఆ హోటళ్ల మనిషికి ఆ పువ్వు ఇవ్వనని చెప్పేసింది. తీగ వేసి ఇస్తానన్నది, చిలక వేసి ఇస్తానన్నది. ఆయన వినలేదు, పై వాళ్లు ఆ పువ్వే ఒప్పుకున్నారట. పువ్వు లేకపోతే పనే లేదన్నాడు. లేచి పోయాడు.

యాదమ్మ మిషను ఆపి లేచింది.

"ఎందుకొద్దన్నవ్ టీచరమ్మా?"

"కాళ్ల కింద రంగు నిలవదు యాదమ్మా."

"నిలవకపోతే వాడు మల్ల కొంటడు. మనకేంది నొప్పి?"

అందరూ నవ్వారు, యాదమ్మ నవ్వలేదు.

"నాకు నచ్చలే. గంతే" అన్నది టీచరమ్మ.

"నీకు నచ్చలే. మాకు పొయ్యి వెలగాలె గదా. నీ పంతానికి మా కడుపులెందుకు మాడాలె? ఒక్క మాట చెప్పు, సరిగ్గ చెప్పు."

టీచరమ్మ చెప్పలేదు. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే అందరూ చూస్తారని ఆమెకు తెలుసు. నేను గోడ వైపు తిరిగి, పదునుగానే ఉన్న ఉలికి మళ్లీ సాన పెడుతున్నాను. ఒక్క మాట అంటే సరిపోయేది. అది నా వల్లనే అనాలి, అంతే. నోరు రాలేదు. సిగ్గు అనుకుంటూ వచ్చాను ఇన్నేళ్లూ. భయం కూడా ఉంది. వాళ్లు నవ్వుతారని భయం. నవ్వకపోతే ఏడుస్తారని భయం.

యాదమ్మ తన కత్తెర తీసుకుని వెళ్లిపోయింది. "జాడు పట్టుకునుడే నా రాత అయితే, పట్టుకుంట" అన్నది. అన్నట్టే ఎయిర్‌పోర్టులో ఊడ్చే పనిలో చేరింది. అంత మంచి కుట్టు చేతిలో పెట్టుకుని జాడు పట్టింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు పోయారు. ఆ తర్వాత యాదమ్మ సెంటర్ గుమ్మం తొక్కలేదు.

వారం తర్వాత టీచరమ్మ నా ముందు ఆ అచ్చు పెట్టింది. జరిగినదాని గురించి ఒక్క మాట అనలేదు. "కాకా, గీ పువ్వు దర్వాజ కాడ ఉండాల్సింది. కాలికి అందొద్దు. ఏడ పెడదాం?" అన్నది.

నేను ఎప్పుడూ ఏదీ సొంతంగా చెప్పినవాణ్ని కాదు. ఆ రోజు చెప్పాను, నోటితో కాదు. సెంటర్ గుమ్మానికి ఒక పాత పరదా వేలాడుతుండేది. వేలు పెట్టి దాన్ని చూపించాను. టీచరమ్మ లేచి పోయి, పరదాను చేత్తో పక్కకు ఎత్తింది. వదిలింది. మళ్లీ ఎత్తింది. "చెయ్యి తాకే కాడ" అన్నది. చెవి వెనక సుద్ద తీసి అక్కడే గుర్తు పెట్టింది.

అలా వచ్చింది పువ్వు పరదా. లోపలికి వచ్చేవాడు ఎవడైనా ఆ పువ్వును చేత్తో ఎత్తి రావాలి. మీలో చాలామంది ఇళ్లలో అది ఉండి ఉంటుంది. ఇప్పటి అపార్టుమెంట్లలో గడప మీద పువ్వు ఎవరు చెక్కిస్తారు? ఉన్నది పరదా ఒక్కటే. నెమ్మదిగా నలుగురికీ తెలిసింది, మిషన్ల మీద కప్పిన గుడ్డలు ఒక్కొక్కటే తీశారు. యాదమ్మ మిషను మీద మాత్రం గుడ్డ తీయనివ్వలేదు టీచరమ్మ. వారానికోసారి దానికి తానే నూనె వేసేది. "కూసునేటోళ్లు వస్తరు" అనేది.

మొదటి పరదా టీచరమ్మ తన ఇంటి ముందు గుమ్మానికే కట్టుకుంది.

ఆమెకు జబ్బు చేసి దవాఖానలో ఉన్నప్పుడు రెండుసార్లు పోయాను. మొదటిసారి ఏమీ మాట్లాడకుండా కూర్చుని వచ్చాను. రెండోసారి దారి పొడుగునా ఒక మాట అనుకుంటూ పోయి, కూర్చోకముందే అనేశాను.

"యాదమ్మకు చెప్త."

"ఏమని?"

"పట్టాల సంగతి. నా వల్లనే అని."

నవ్వబోయింది, దగ్గు వచ్చింది. నీళ్లు తాగి, "ఇన్నేండ్లల్ల నాకే పది మాటలు చెప్పలే నువ్వు. యాదమ్మ నిన్ను రెండో మాట అననిస్తదా కాకా?" అన్నది. కాసేపు కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. "నువ్వు నోటి మనిషివి కావు. చెయ్యితోటి చెప్పు" అన్నది.

ఇంటికి వచ్చి యాదమ్మ కోసం ఒక అచ్చు చెక్కడం మొదలుపెట్టాను. ఏం చెక్కాలో తోచక చెక్క అలాగే ఉండిపోయింది. అంతలోనే ఆ ఫోన్ వచ్చింది.

ఆ రోజు టీచరమ్మను ముందు గదిలో పడుకోబెట్టారు. లోపల పాటలు పాడుతున్నారు. నేను బయట గోడ పక్కన నిలబడ్డాను. జనం వస్తూనే ఉన్నారు. చర్చి వాళ్లు, మా ఊళ్ల వాళ్లు, బడంగ్‌పేట్ నుంచి, రాజేంద్రనగర్ నుంచి ఆమె దగ్గర మిషను నేర్చుకున్న ఆడవాళ్లు. యాదమ్మ పని బట్టల్లోనే వచ్చింది. లోపలికి పోయి, చూసి, బయటికి వచ్చి చెట్టు కింద నిలబడింది. పక్కనున్న ఆమెతో అన్నది, కళ్లు తుడుచుకుంటూనే. "మంచిదే. మంచిది గాదని అనను. గానీ ఆ ఒక్కటి మాత్రం నా మనసులకెల్లి పోదు. ఉత్తగనే మా నోటికాడి కూడు తీసింది. ఎందుకో చెప్పనన్న చెప్పకపాయె."

నేను రెండు గజాల దూరంలో ఉన్నాను. అప్పుడు కూడా నోరు రాలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. మీరందరూ చదువుతుండగా చెబుతున్నాను. ఆ పట్టాల పని టీచరమ్మ పంతం వల్ల పోలేదు. ఆమెది పంతమే కాదు. ఆమె నమ్మకంలో గడప పువ్వు లేదు, దానికి కాలు తగలకూడదన్న పట్టింపూ లేదు. ఆ పట్టింపు నాది, మా బాపుది. ఎండలో రాయి మీద కూర్చున్న ఒక ముసలివాడి కాళ్లను చూసి ఆమె ఆ పని వదులుకుంది. నా పేరు బయటికి రానివ్వకుండా నిందంతా తన మీద వేసుకుంది. నేను వేయించాను. ఇదీ ఆ సంగతి.

యాదమ్మా, నీ కోడలు నీకు ఇది చదివి వినిపిస్తుందని తెలుసు. నీ పట్టా టీచరమ్మ పారెయ్యలేదు. ఆమె బీరువాలో మడిచి పెట్టి ఉంది, వంకాయ సంచిలో. బిడ్డ చూపించింది. ఎర్ర అంచు అలాగే ఉంది. అంత మంచి కుట్టును నా కాలు కోసం మడిచి పెట్టాల్సి వచ్చింది. నిన్ను మిషను మీంచి లేపింది నేను. నువ్వు తిట్టాల్సింది నన్ను. తిట్టు, వింటాను. వినడం నాకు బాగా వచ్చు.

సెంటర్‌ను టీచరమ్మ బిడ్డ నడుపుతానంటున్నది. నీ మిషనుకు మొన్న నేను నూనె వేశాను.

మొన్న ఆ ఇంటికి పోయినప్పుడు గుమ్మం ముందు కాసేపు నిలబడ్డాను. ఎవరూ లేరు, పరదా ఒక్కటే ఉంది. ఆ రోజు వచ్చినవాళ్లంతా దాన్ని చేత్తో ఎత్తే లోపలికి పోయారు. యాదమ్మా, నువ్వు కూడా ఎత్తావు. నేను చూశాను. అంతకుముందు ఎన్నేళ్లుగానో ఎత్తుతూనే ఉన్నారు కాబట్టి, పువ్వు ఎనిమిది రేకుల్లో చెయ్యి తగిలే వైపు రెండు రేకులు వెలిసిపోయి దాదాపు కనబడవు. మళ్లీ అద్దమంటావా తాతా అని తర్వాత వచ్చిన ఆ పిల్ల అడిగింది. వద్దన్నాను. లోపల్నించి గాలి వస్తే పరదా కొంచెం లేచి, ఆ ఆరు రేకులు బయటికి వచ్చి, మళ్లీ లోపలికి పోతున్నాయి.

యాదమ్మా, సెంటర్‌కు వస్తావో రావో చెప్పు. తిట్టినా సరే, ఎవరితో చెప్పి పంపినా సరే, జవాబు మాత్రం తొందరగా పంపు. నేను ఫోన్ ఎత్తి మాట్లాడకపోతే పెట్టెయ్యకు. విమానం పోయేదాకా ఆగినట్టు కొంచెం ఆగు.